జీఎంసీ లారీ కిట్లు: మీరు చేస్తున్నది ఏ నెల బండి?

ప్లాస్టిక్ లారీ బొమ్మల కిట్లపై ఈ నెల పాఠకుల ప్రశ్నల్లో ఎక్కువ భాగం రెండో ప్రపంచయుద్ధపు అమెరికన్ లారీ జీఎంసీ సీసీకేడబ్ల్యూ చుట్టూనే తిరిగాయి. చివర్లో ఒక జర్మన్ బండి, ఒక రష్యన్ రాకెట్ బండి కూడా ఉన్నాయి.

ప్రశ్న: 1/35 స్కేలులో సీసీకేడబ్ల్యూ-353 కిట్ కొన్నాను. పెట్టె మీద ‘నార్మండీ 1944’ అని ఉంది, లోపల ఇనుప టాపు, ఇనుప తలుపుల క్యాబిన్ ఇచ్చారు. 1944లో పట్టా టాపు బండ్లే ఉండేవని మా స్నేహితుడి వాదన. కిట్ తప్పా? (విజయవాడ)

తప్పు కాదు. మీ స్నేహితుడు చెప్పేది ఫ్యాక్టరీ గేటు సంగతి. మీరు చేస్తున్నది దళం చేతిలో నలిగిన బండి. 1944 నాటికి ఫ్యాక్టరీ నుంచి పట్టా టాపు, పట్టా తలుపుల క్యాబిన్లు వస్తున్న మాట నిజమే. అయితే 1942లో తయారైన ఇనుప క్యాబిన్ బండి 1944 వేసవిలో నార్మండీ రోడ్డెక్కితే వింతేమీ లేదు. ఈ లెక్క వెనక్కి మాత్రం నడవదు. పట్టా టాపు బండిని 1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికా దిగిన దళాలకు ఇస్తే అది తప్పే. కిట్ ఎంచుకునేటప్పుడు బండి తయారీ తేదీ బొమ్మలో చూపే నెల కంటే పాతది కావచ్చు గానీ కొత్తది కాకూడదు.

పేరులోని అక్షరాలకు అర్థాలున్నాయి. మొదటి సీ అంటే 1941 డిజైన్, రెండో సీ అంటే ఇంజన్ ముందుకు పొడుచుకొచ్చిన మామూలు క్యాబిన్, కే అంటే ముందు చక్రాలకు డ్రైవ్, డబ్ల్యూ అంటే వెనుక రెండు యాక్సిళ్ళకూ డ్రైవ్. 353 పొడుగు ఛాసిస్, 352 పొట్టిది.

క్యాబిన్ కంటే వెనుక బాడీ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. మొదట అంతా ఇనుమే. ఇనుము ఆదా కోసం చెక్క బాడీ వచ్చింది. అది నిలవకపోవడంతో పక్కలు ఇనుము, అడుగు చెక్కగా మిశ్రమ బాడీ చేశారు. చివరికి మళ్ళీ పూర్తి ఇనుముకే వెళ్ళారు. అందుకే ‘ఇనుప బాడీ కాబట్టి పాత బండి’ అని తేల్చేయకండి, క్యాబిన్‌ను కూడా కలిపి చూడండి. చెక్క బాడీ కిట్లలో ఇంకో తంటా ఉంది. అచ్చు చేసినవాళ్ళు పలకల మీద చెక్క నారను లోతుగా చెక్కేస్తారు. పెయింటు వేసిన పలక మీది నార 35వ వంతుకు తగ్గితే కంటికి ఆనదు. 400 నంబరు ఎమరీ కాగితాన్ని తడిపి ఆ గీతలు పోయేదాకా రుద్దండి. పలకకూ పలకకూ మధ్య సందు మాత్రం మిగలాలి.

ప్రశ్న: ముందు చక్రం నుంచి వెనుక చక్రానికి కొలిస్తే నా 353 కిట్ 103 మిల్లీమీటర్లే వస్తోంది. పొట్టి బండి ఛాసిస్ ఇచ్చి మోసం చేశారా? (హైదరాబాద్)

ముందు ఎక్కడ నుంచి ఎక్కడికి కొలిచారో చూసుకోండి. ఆరు చక్రాల బండికి వీల్‌బేస్ అంటే ముందు యాక్సిల్ నడిమి నుంచి, వెనుక రెండు యాక్సిళ్ళకూ సరిగ్గా మధ్యనున్న బిందువు దాకా. 353కు అది 164 అంగుళాలు, 352కు 145. అంగుళాలను 0.726తో హెచ్చిస్తే 1/35లో మిల్లీమీటర్లు వస్తాయి. ఆ లెక్కన 353కు 119, 352కు 105.

వెనుక రెండు యాక్సిళ్ళ జంటను బోగీ అంటారు. ఆ రెంటి మధ్య దూరం 44 అంగుళాలు, అంటే 32 మిల్లీమీటర్లు. మీరు మధ్య యాక్సిల్ దగ్గరే ఆగి ఉంటే 119లో సగం బోగీ 16 తీసేసినట్టే. మీకు వచ్చిన 103 అదే. అది 352 కొలతకు దగ్గరగా ఉండటం వల్లే ఈ అనుమానం పుట్టింది. మీ కిట్ నిక్షేపంగా ఉంది.

అనుమానం తీరకపోతే బాడీ లోపలి పొడవు చూడండి. 353కు 12 అడుగులు (104.5 మి.మీ.), 352కు 9 అడుగులు (78 మి.మీ.), వెడల్పు రెండింటికీ 80 అంగుళాలు (58 మి.మీ.). క్యాబిన్ వెనుక నిలువుగా స్టెప్నీ కనబడితే అది 352.

నిజంగానే తేడా ఉన్న కిట్లకు ఈ మాట: ఒక మిల్లీమీటరు దాకా వదిలేయండి. రెండు దాటితే ఛాసిస్ రెండు నిలువు పట్టీలనూ క్యాబిన్‌కూ బోగీకీ మధ్య, అడ్డ పట్టీ లేని చోట సన్నని రంపంతో నిట్టనిలువుగా కోయండి. అద్దం పలక మీద కాగితం పరిచి, 119 మి.మీ. గీతలు గీసి, ముక్కల్ని వాటి మీద టేపుతో బిగించండి. సందులో ప్లాస్టిక్ ముక్క పెట్టి, పట్టీ లోపలి వైపు అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటును 15 మి.మీ. పొడవున అతుకు వేయండి. ఒక రోజంతా కదపకండి. త్వరపడి తీస్తే ఛాసిస్ మెలితిరిగి ఆరు చక్రాల్లో ఒకటి గాల్లో తేలుతుంది. ప్రతి టైరు కిందా కాగితం ముక్క లాగి చూస్తే ఏది తేలుతోందో తెలిసిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కూడా అంతే పొడిగించాలి. ఛాసిస్ సాగదీసినవాళ్ళలో సగంమంది దీన్ని మరిచి, చివర్లో బల్ల కింద వెతుక్కుంటారు.

ప్రశ్న: వించ్ (తీగతాడుతో లాగే యంత్రం) లేని కిట్‌కు విడిగా వించ్ కొని అతికించవచ్చా? (రాజమండ్రి)

బంపర్‌కు అతికిస్తే కుదరదు. వించ్ బండిలో ఛాసిస్ కొమ్ములే (పట్టీల ముందు కొనలే) ముందుకు సాగి, వాటి చివర బంపర్ ఉంటుంది. వించ్ వల్ల బండి దాదాపు 14 అంగుళాలు, అంటే బొమ్మలో 10 మి.మీ. పెరుగుతుంది. కొమ్ములు పొడిగించి, వాటి మధ్య వించ్ దించండి.

ప్రశ్న: ‘స్ప్లిట్’, ‘బాంజో’ యాక్సిళ్ళు అంటారు. బొమ్మ కింద ఎవరు చూస్తారు? (వరంగల్)

పక్క నుంచి చూసినా వెనుక యాక్సిల్ ఉబ్బు కనబడుతుంది. స్ప్లిట్ రకంలో హౌసింగ్ రెండు ముక్కలు, నిలువు అంచు దగ్గర బోల్టులతో కలిసి ఉంటాయి. బాంజోలో ఒకటే గుండ్రని హౌసింగ్, వాద్యం బుర్రలాగా. తయారీ కాలమంతా రెండు రకాలూ వచ్చాయి కాబట్టి తేదీతో చిక్కు లేదు. చిక్కల్లా కలగాపులగం చేయడంతోనే. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనుక యాక్సిళ్ళకు పంచే పెట్టె) కూడా రకాన్ని బట్టి మారుతుంది. ఒక కిట్ యాక్సిళ్ళు ఇంకో కిట్ ఛాసిస్‌కు వేస్తే మూడు యాక్సిళ్ళతో పాటు దాన్ని కూడా మార్చండి. మూడూ ఒకే రకమై ఉండాలి.

ప్రశ్న: రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ బండి చేస్తున్నాను. ఎంత సరుకు పెట్టాలి? గుర్తులు ఎక్కడ వేయాలి? (డల్లాస్)

ముందు తేదీ. ఫ్రాన్స్‌లో ముందుకు సాగుతున్న దళాలకు సరుకు చేరవేసిన అమెరికన్ లారీల వరుస రెడ్ బాల్ 1944 ఆగస్టు 25న మొదలై నవంబరు 16న ఆగిపోయింది. జూన్ నెల ఒడ్డు ఇసుకలో నిలబెట్టిన బండికి రెడ్ బాల్ గుర్తు వేయడం మామూలు పొరపాటు. ఆగస్టు 29న 132 సైనిక లారీ కంపెనీల 5,958 బండ్లు 12,342 టన్నులు మోశాయి.

సరుకు సంగతి లెక్క వేస్తేనే తేలుతుంది. పెట్రోలు నిండిన అమెరికన్ జెర్రీ క్యాన్ సుమారు 18 కిలోలు, అడుగు కొలత 35 × 16.5 సెంటీమీటర్లు. 353 బాడీ అడుగున ఒక్క వరుసలో 22 × 5, అంటే 110 క్యాన్లు పడతాయి. బరువు సుమారు 2,000 కిలోలు. 2½ టన్నుల బండికి ఇంచుమించు అదే నిండు బరువు. రెండు వరుసలు పేరిస్తే రోడ్డు మీద అప్పట్లో అనుమతించిన 5 టన్నుల ఓవర్‌లోడ్ దగ్గరికి చేరుతుంది. పట్టా దాకా మూడు నాలుగు వరుసలు పేర్చిన బొమ్మలు పోటీల్లో కనబడతాయి. ఆ బండి కదలదు. బొమ్మలో ఒక్కో క్యాన్ 10 × 4.7 × 13.4 మి.మీ. ఉండాలి. రెండు వరుసలు పెడితే వెనుక స్ప్రింగు కట్టల వంపు తగ్గించి, టైరు అడుగున అర మిల్లీమీటరు రుద్ది చదును చేయండి.

గుర్తులకొస్తే, బానెట్ పక్క రిజిస్ట్రేషన్ నంబరు ఈ తరగతి లారీలకు 4తో మొదలవుతుంది. 20తో మొదలయ్యే జీపు నంబరు వేస్తే తెలిసినవాళ్ళు అక్కడే పట్టుకుంటారు. చివర ఎస్ ఉంటే రేడియోకు అంతరాయం రాకుండా సర్దుబాటు చేసిన బండి అని. ఫ్యాక్టరీలో ఈ నంబరు నీలి డ్రాబ్ (మసక నీలం) రంగులో వేసేవారు, ఆకుపచ్చ మీద కనీ కనబడనట్టు ఉంటుంది. దళాలు చాలాచోట్ల తెల్లరంగుతో మళ్ళీ రాశాయి. మీ ఫోటోలో ఏదుంటే అదే వేయండి. బంపర్ మీద, ఎదురుగా నిలబడి చూసేవారికి ఎడమ వైపు ఆర్మీ లేదా డివిజన్ గుర్తు, కుడి చివర కంపెనీ అక్షరం, బండి వరుస నంబరు ఉంటాయి.

డెకాల్ (నీటితో అతికించే గుర్తుల పొర) కింద వెండిపొరలా మెరిస్తే లోపల గాలి ఉన్నట్టు. మ్యాట్ పెయింటు గరుకు మీద నేరుగా అతికించడమే దానికి కారణం. ముందు మెరిసే (గ్లాసీ) వార్నిష్ ఒక కోటు, పూర్తిగా ఆరాక డెకాల్, దాని మీద డెకాల్‌ను మెత్తబరిచే సెట్టింగ్ ద్రవం, మర్నాడు మ్యాట్ వార్నిష్.

ప్రశ్న: నాలుగేళ్ళ కిందట చేసిన లారీ చక్రాలు టైర్ల లోపల కరిగి జిగటగా అయ్యాయి. ఎండ వల్లా? (నెల్లూరు)

ఎండ పాత్ర కొంతే. మెత్తటి వినైల్ టైర్లలో కలిపే ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికొచ్చి, తాకిన పాలీస్టైరిన్ రిమ్మును మెత్తబరుస్తుంది. వేడికి ఆ పని త్వరగా జరుగుతుంది. కొత్త బండికైతే రిమ్ము అంచు చుట్టూ పల్చని అల్యూమినియం రేకు చుట్టి టైరు ఎక్కించండి, లేదా రెజిన్ టైర్లు వాడండి. రెజిన్‌ను తడిపే రుద్దాలి, మాస్కు తప్పనిసరి, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. పనిలో పనిగా రిమ్ములు కూడా సరిచూడండి. ముందు రిమ్ము బయటికి ఉబ్బి, వెనుక జంట చక్రాల్లో బయటి రిమ్ము లోపలికి గుంటగా ఉండాలి.

ప్రశ్న: స్టాలిన్‌గ్రాడ్ దృశ్యానికి జర్మన్ లారీ ఒపెల్ బ్లిట్జ్‌ను ముదురు పసుపులో వేస్తున్నాను. సరేనా? (విశాఖపట్నం)

వద్దు. స్టాలిన్‌గ్రాడ్‌లో చివరి జర్మన్ దళాలు లొంగిపోయింది 1943 ఫిబ్రవరి 2న. ముదురు పసుపును (జర్మన్ రంగుల నంబరు ఆర్‌ఏఎల్ 7028) మూల రంగుగా చేసిన ఆదేశం ఫిబ్రవరి 18ది, అంటే 16 రోజుల తర్వాత. ముదురు బూడిద (ఆర్‌ఏఎల్ 7021) వేసి, పైన చలికాలపు సున్నం పూత అక్కడక్కడా రాలిపోయినట్టు చేయండి. కిట్ 3.6-36ఎస్ అయితే వీల్‌బేస్ 3,600 మి.మీ., బొమ్మలో 103. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న ‘ఏ’ రకం 3,450, బొమ్మలో 98.5. ముందు యాక్సిల్ ఒక్కటి మార్చి ఎస్‌ను ఏ అనడం కుదరదు.

ప్రశ్న: మాస్కో 1941 దృశ్యానికి అమెరికన్ లారీ స్టూడీబేకర్ మీద కత్యూషా రాకెట్ లాంచర్ పెట్టవచ్చా? (కర్నూలు)

కుదరదు. 1941 జులై 14న ఓర్షా దగ్గర మొదటిసారి పేలిన బీఎం-13లు (కత్యూషాలు) సోవియట్ జిస్-6 లారీల మీదివి. స్టూడీబేకర్ యూఎస్6 మీది బీఎం-13ఎన్ 1943లో స్థిరపడింది. జిస్-6 కిట్ తెచ్చుకోండి, లేదా ఉన్న బండినే ఉంచుకుని దృశ్యాన్ని 1944కు జరపండి.