ముందు ఆకు సంగతి చూసుకో

చి. హారికకు, పెద్దమ్మ ఆశీస్సులు.

దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో చెట్ల జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) చదివే పనిలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడి లింపోపో రాష్ట్రంలో ఆకులు కోసుకుంటూ తిరిగిన రోజులన్నీ గుర్తొచ్చాయి. డీఎన్ఏను చదివే సీక్వెన్సింగ్ యంత్రం గురించి నాకంటే నీకే బాగా తెలుసు. ఆ యంత్రం దాకా వెళ్లే ఆకు గురించి మాత్రం నేను చెప్తాను.

అక్కడి మరూలా చెట్టు మన మామిడి, జీడిమామిడి కుటుంబానిదే. ముదురాకుల్లోని పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు డీఎన్ఏను పట్టుకుని వదలవు, ట్యూబులో గోధుమరంగు జిగురు మిగులుతుంది. లేతాకులే కొయ్యి. అక్కడ వసంతం సెప్టెంబరులో మొదలవుతుంది, మన ఉగాదినాటికి వాళ్లకు ఆకురాలు కాలం. ప్రయాణాలు ఆ లెక్కన పెట్టుకో. ఆకు బరువుకు కనీసం పది రెట్లు సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) వెయ్యి. మొదటి ఏడాది నేను అక్కడ పొదుపు చేశాను. నలభై చెట్ల ఆకులు సంచుల్లోనే నల్లబడిపోయాయి, మళ్లీ చిగురు వేసేదాకా ఆగాల్సి వచ్చింది. పొడవాటి రీడ్స్ (ఒకేసారి చదివే పొడుగాటి డీఎన్ఏ ముక్కలు) కావాలంటే సిలికా చాలదు, కోసిన వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో వేసేయాలి.

ప్రతి చెట్టు నుంచి ఒక కొమ్మ ఎండబెట్టి హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు దాచే చోట) పెట్టించు. మరూలాలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. అది ఏదో అక్కడే రాసుకో. ఊరికొచ్చాక గుర్తుండదు.

ఇక అసలు మాట. ఒక చెట్టు జీనోమ్ పూర్తి చేసి పని అయిపోయిందనుకోకు. మరూలా జీనోమ్ ముసాయిదా 2019లోనే వచ్చింది, ఆ పరిశోధనా పత్రంలోనే మన మునగది కూడా ఉంది. కాపాడేవాళ్లకు అది పునాది మాత్రమే. ఏ లోయ చెట్లలో వైవిధ్యం మిగిలింది, ఎక్కడ దగ్గరి చుట్టాల మధ్యే సంపర్కం జరుగుతోంది, నర్సరీకి ఏ తల్లిచెట్టు విత్తనం తేవాలి? ఇవి తెలియాలంటే దూరదూరంగా ఉన్న చెట్లు చాలా చదవాలి. ఎన్‌సెఫలార్టోస్ వుడియై అనే సైకాడ్ (చూడ్డానికి ఈతచెట్టులా ఉండే మొక్క) సంగతి చూడు. 1895లో దక్షిణాఫ్రికాలోని ఎన్‌గోయె అడవిలో ఒకే ఒక్క మగమొక్క దొరికింది. ఈరోజు తోటల్లో ఉన్నవన్నీ దాని పిలకలే. వంద మొక్కలు చదివినా ఒకటే మొక్క. జత దొరకలేదు. అంత ఆలస్యమయ్యాక జీనోమ్ చేయగలిగింది చాలా తక్కువ. అందుకే ఇంకా వందలు మిగిలి ఉన్న చెట్ల దగ్గరికి ముందు వెళ్లమంటున్నాను.

వార్బర్జియా సాల్యుటారిస్ అనే చెట్టు అలాంటిదే. అక్కడి జూలూ భాషలో ఇసిబాహా అంటారు. దగ్గుకు, జలుబుకు దాని బెరడు వాడతారు. చుట్టూ ఒలిచేస్తే చెట్టు చచ్చిపోతుంది. దాన్ని వెతకబోయే ముందు ఆ ఊరి నాటు వైద్యుల దగ్గర కూర్చో. ఏ గుట్ట మీద పాత చెట్టుందో వాళ్లకు తెలుసు. పర్మిట్ చేతిలో ఉంది కదా అని వాళ్లను దాటి పోవద్దు. నువ్వు చదవబోయేది వాళ్ల తాతలు కాపాడిన చెట్టు. ఏం కోస్తున్నావో, దేనికో, ఫలితం ఎవరికి చేరుతుందో వాళ్ల భాషలో చెప్పించు. వద్దంటే ఆ చెట్టు వదిలెయ్. మొక్కలు పెంచితే మొదటివి వాళ్ల పెరట్లోకే పంపు. క్రూగర్ జాతీయ పార్కు నర్సరీ నుంచి నాటు వైద్యులకు ఈ మొక్కలు ఇచ్చారు, ఆ నర్సరీ వాళ్లతో మాట్లాడి చూడు.

టోపీ పెట్టుకో. మొదటి సంచి ఆకులు రాగానే ఫొటో పంపు, రంగు చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ