పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ట్రాక్టరుతో తొలి కూరగాయల తోట

ప్రశ్న: చంద్రగిరి మండలంలో మాకు పెద్దలిచ్చిన ఎకరా ఎర్ర నేల, ఒక బోరు ఉన్నాయి. ఒకప్పుడు వేరుశనగ పండిన చేను ఇప్పుడు కొన్నేళ్లుగా బీడుపడి ఉంది. తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూనే అక్కడ కూరగాయలు పండించాలని నా కోరిక. మా చిన్నాన్నగారి ట్రాక్టరు, కల్టివేటరు, రోటవేటరు అందుబాటులో ఉన్నాయి. ఈ మధ్య ఒక జల్లు పడ్డాక రెండు సార్లు రోటవేటరు వేయిస్తే నేల మెత్తగా, శుభ్రంగా తయారైంది గాని, మళ్లీ వాన పడగానే తుంగ, గరిక మునుపటికంటే ఒత్తుగా లేచాయి. ఎకరా అంతా కూరగాయలు వేయాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందుగా విస్తీర్ణం సంగతి తేల్చుకుందాం. ఈ ఏడాది ఎకరా అంతా వేయకండి. ట్రాక్టరు చేతిలో ఉన్నవారికి ఎకరా దున్నడం ఒక పూట పని కూడా కాదు కనుక నేల ఎప్పుడూ తక్కువగానే తోస్తుంది. అయితే మొక్క నాటినది మొదలు 40, 45 రోజుల వరకు కలుపు తీయవలసింది ట్రాక్టరు కాదు, మనుషులు. ఆ రోజుల్లో కలుపు పెరిగితే తరువాత ఎంత శుభ్రం చేసినా పోయిన దిగుబడి తిరిగి రాదు. అందుచేత ట్రాక్టరు ఎంత దున్నగలదన్నది వదిలిపెట్టి, మీ ఇంట్లోవారు, దొరికే కూలీలు కలిసి వారానికి ఎంత నేల తొలికలతో శుభ్రం చేయగలరో అంతే వేయాలి. ఉద్యోగం చేసుకునేవారికి తొలి ఏడు 20 సెంట్లు చాలు. నిజానికి అదీ ఎక్కువే.

ఆ 20 సెంట్లను చదరంగా కాకుండా పొడవైన పట్టీగా విడదీయండి. ఇరవై సెంట్లంటే 8,712 చదరపు అడుగులు. 40 అడుగుల వెడల్పున తీసుకుంటే పొడవు సుమారు 218 అడుగులు వస్తుంది. పట్టీ పొడవుగా ఉంటే ట్రాక్టరు మలుపులు తగ్గుతాయి, మళ్లిన ప్రతిచోటా చక్రాల కింద నేల అణగిపోవడమూ తగ్గుతుంది. రెండు కొసల్లోనూ ట్రాక్టరు మళ్లేంత చోటు వదలాలి. నేల వాలుగా ఉంటే పట్టీ వాలుకు అడ్డంగా ఉండాలి గాని వాలు వెంబడి ఉండకూడదు. ఎర్ర నేలల్లో ఒక్క పెద్ద వానకే పైమన్ను గెనిమ దాటిపోతుంది.

ఇక మీ చేనులో జరిగినదేమిటో చూద్దాం. రోటవేటరు కలుపును చంపలేదు, నాటింది. గరిక కాండంలో ప్రతి కణుపూ ఒక మొక్క కాగలదు. తడి నేలలో రోటవేటరు కత్తులు దానిని ముక్కలు చేసి చేనంతా చల్లాయి. తుంగ సంగతి ఇంకా మొండిది. అది విత్తనం కంటే భూమిలోని గడ్డల ద్వారానే ఎక్కువగా వ్యాపిస్తుంది. ఆ గడ్డలు సన్నని వేరులాంటి కాండంతో ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం పైనున్న అరడుగు, ముప్పావు అడుగు మన్నులోనే ఉంటాయి. గొలుసు తెగనంతవరకు చాలా గడ్డలు నిద్రలో ఉంటాయి; తెగగానే ప్రతి గడ్డా తన దారిన మొలకెత్తుతుంది. మీకు కనిపించిన ఒత్తుదనానికి కారణం అదే. కాబట్టి ఏ పనిముట్టు వేయాలో నిర్ణయించే ముందు చేనులో ఏ కలుపు ఉందో చూసుకోవాలి. గంగపాయిలి, గలిజేరు, ముళ్ల తోటకూర, వయ్యారిభామ వంటి గింజతో మొలిచే కలుపుకు ఒక పద్ధతి, తుంగ, గరికలకు మరొక పద్ధతి.

తుంగ, గరికలకు ఎండే మందు. ఎండలు ముదిరిన ఈ రోజుల్లో మీరు చేయవలసిన పని వేసవి దుక్కి. రోటవేటరును పక్కన పెట్టి, దొరికితే రెక్క నాగలితో, దొరకకపోతే కల్టివేటరుతోనే రెండు సార్లు అడ్డంగా, నిలువుగా, అరడుగు లోతుకు తగ్గకుండా దున్నించండి. పెడ్డలు (మట్టి పెళ్లలు) లేచినా కంగారు పడి వాటిని పగలగొట్టించవద్దు. పెడ్డలతో పాటు పైకి వచ్చిన గడ్డలూ కాండాలూ ఎండకు వాడి, ఒట్టిపోవడమే మనకు కావలసింది. పది, పదిహేను రోజుల తరువాత మరొకసారి కల్టివేటరు తోలిస్తే అడుగున దాగినవి పైకి వస్తాయి. పైకి వచ్చిన గరికను దంతెతో లాగి, పోగుచేసి, గట్టు మీద పూర్తిగా ఎండనివ్వాలి. దానిని పచ్చిగా దిబ్బలో వేస్తే వచ్చే ఏడు ఎరువుతో పాటు మళ్లీ చేనుకే వస్తుంది. ఇలా చేస్తే తుంగ ఒక్క వేసవిలో నశిస్తుందని మాత్రం ఆశపడవద్దు. తగ్గుతుంది, రెండు మూడేళ్లు వదలకుండా పట్టుకుంటే లొంగుతుంది.

దుక్కికి అదును ఎంత ముఖ్యమో పదునూ అంతే ముఖ్యం. ఎర్ర నేల బాగా ఎండితే కర్రు దిగదు, బాగా తడిసినప్పుడు దున్నితే చక్రాల కింద అణగి రాయిలా గట్టిపడుతుంది. అరడుగు లోతు నుంచి పిడికెడు మన్ను తీసి నొక్కి, వేలితో తాకితే విడిపోవాలి. ముద్దగా నిలిస్తే ట్రాక్టరును ఆ పూటకు ఆపండి.

వేసవి దుక్కి తరువాత, రోహిణి, మృగశిర కార్తెల్లో నాలుగు చినుకులు పడినప్పుడు చాలామంది వెంటనే నాటేయాలని తొందరపడతారు. అక్కడ ఒక్క రెండు, మూడు వారాలు ఓపిక పడితే ఆ తరువాత కూలీల ఖర్చు ఎంతో మిగులుతుంది. నేలను నాటడానికి సిద్ధమైనట్టే సాపు చేసి, మెట్టలు (ఎత్తు మడులు) కట్టి, వాన లేకపోతే బోరు నీటితో ఒక తడి ఇచ్చి, నాటకుండా ఊరుకోవాలి. పైపొరలోని కలుపు గింజలు మొలుస్తాయి. అవి రెండు, మూడు ఆకులు వేయగానే గుంటకతోనో తొలికతోనో అంగుళం, రెండంగుళాల లోతున మాత్రమే గీకించాలి. ఇక్కడ మళ్లీ రోటవేటరు వేయించారా, పని మొదటికి వస్తుంది: చిన్న కలుపు గింజల్లో చాలా వాటికి మొలవడానికి వెలుతురు కావాలి, లోతున ఉన్నంతకాలం అవి నిద్రలోనే ఉంటాయి, వాటిని పైకి తెచ్చి వెలుతురు చూపించేది మనమే. వీలైతే ఇలా రెండు విడతలు చేయండి. నా దృష్టిలో ఏ కలుపుమందుకంటే ఈ ఓపికకే విలువ ఎక్కువ.

మెట్టల మధ్య ఎడం నాలుగడుగులు పెట్టుకుంటే 40 అడుగుల పట్టీలో 10 సాళ్లు వస్తాయి, డ్రిప్పు పైపుకు కూడా ఆ ఎడం సరిపోతుంది. అయితే ఆ కొలతను ఖాయం చేసేముందు తరువాత సాళ్ల మధ్య ఏది నడుస్తుందో చూసుకోండి. పైరు ఎదిగాక పెద్ద ట్రాక్టరు లోపలికి వెళ్లలేదు. అద్దెకు తెచ్చే పవర్ వీడరు (చిన్న ఇంజనుతో నడిచే కలుపు యంత్రం) వెడల్పును టేపుతో కొలిచి, మొక్కకు తగలకుండా ఇరువైపులా కొంత చోటు కలుపుకోవాలి. డ్రిప్పు వల్ల నీరు మొక్క మొదట్లోనే పడుతుంది కనుక నడుమ నేల ఎండి, అక్కడ కలుపు తగ్గుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల వానలు మన తూర్పు మండలాల్లో నీరు నిలబెడతాయి. ఎత్తు మెట్టలు అప్పుడు వేళ్లను కాపాడతాయి.

ఎరువు ఎకరాకు 8 నుంచి 10 టన్నుల లెక్కన 20 సెంట్లకు సుమారు 2 టన్నులు, అంటే దాదాపు ఒక ట్రాక్టరు ట్రక్కు. అది బాగా మాగినదై ఉండాలి. పచ్చి పెంట తోలితే పశువులు మేసిన గడ్డి గింజలన్నీ మీ చేలో మొలుస్తాయి.

తొలి ఏడు ఏమి వేయాలన్నదీ కలుపుతో ముడిపడినదే. టమాటా, వంగ, మిరప నారుగా నాటే పైర్లు కనుక 25 నుంచి 35 రోజులు ముందుండి కలుపుతో పోటీ పడగలవు. బెండ, అలసంద, అనప గింజ పెద్దది, మొలక బలమైనది. కొత్తిమీర, మెంతి, తోటకూర, ఉల్లి నారుమడి వంటివి తుంగ ఉన్న నేలలో వేయడం కష్టం. వాటిలో కలుపు ఏరేవారి నడుము గురించి కూడా ఆలోచించాలి కదా. నాటిన పదిహేనో రోజున ఒకసారి, ముప్పయ్యో రోజున ఒకసారి తప్పక తీయాలి. ఆ తరువాత మెట్టలపై వేరుశనగ పొట్టో వరిగడ్డో మూడు, నాలుగు అంగుళాల మందాన పరచండి. మన ప్రాంతంలో పొట్టు మిల్లుల దగ్గర దొరుకుతుంది.

మిగిలిన 80 సెంట్లను బీడుగా వదిలితే అక్కడి వయ్యారిభామ గింజలన్నీ తోటలోకి వస్తాయి. తొలకరికి ఎకరాకు 15 నుంచి 20 కిలోల లెక్కన జనుము చల్లి, పూత దశలో, అంటే 45, 50 రోజులకు, నేలలో కలియదున్నించండి. రోటవేటరు నిజంగా అక్కరకు వచ్చేది అక్కడ.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ట్రాక్టరు వెనక పనిముట్టును తిప్పే ఇరుసును పీటీఓ షాఫ్టు అంటారు. తిరుగుతున్న ఆ షాఫ్టుకు పంచె అంచో, చీర కొంగో, భుజాన తువ్వాలో తగిలితే మనిషిని లాగేసుకుంటుంది. రోటవేటరులో గడ్డి చుట్టుకున్నప్పుడు ఇంజను ఆపకుండా చేయి పెట్టకూడదు, మడ్గార్డు మీద పిల్లలను ఎక్కించుకోకూడదు.

ప్రశ్న: మల్చింగ్ షీటు (నేల మీద కప్పే ప్లాస్టిక్ షీటు) వేసి టమాటా నాటాను. మిగతా కలుపు రాలేదు గాని తుంగ షీటును పొడుచుకుని బయటికి వచ్చింది. షీటు నాసిరకమా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: షీటు తప్పు కాకపోవచ్చు. వెలుతురు లేక గింజ కలుపు చచ్చిపోతుంది. తుంగకు గడ్డలో ఆహారం నిలవ ఉంటుంది, మొలక మొన సూదిగా ఉంటుంది, అందుచేత 25, 30 మైక్రాన్ల మందం షీటును పొడుచుకుని రాగలదు. ఈ పంటకు చేయగలిగింది పొడుచుకొచ్చిన ప్రతి మొలకనూ ఆకులు విచ్చకముందే తుంచుతూ ఉండటమే. పదే పదే తుంచితే గడ్డలోని నిలవ అయిపోతుంది. పెరికితే షీటు చిరిగి మరింత దారి ఇస్తుంది. తుంగ నీడకు ఓర్చదు కనుక టమాటా గుబురుగా అల్లుకున్నాక దాని జోరు తగ్గుతుంది.

ప్రశ్న: పక్క చెరకు తోటలో కలుపుమందు కొట్టిన వారంలోపే మా టమాటా, బెండ ఆకులు మెలితిరిగి సన్నబడ్డాయి. ఇది ఆకుముడత తెగులా? మా చేలో నేను గ్లైఫోసేట్ కొట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తెల్లదోమ వల్ల వచ్చే ఆకుముడత అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్కగా మొదలై నెమ్మదిగా పాకుతుంది. మందు గాలికి వచ్చినదైతే చెరకు వైపు సాళ్లలో ఒకేసారి, ఒకే తీరున కనబడి, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. కాడలు వంగి, కొత్త ఆకులు దారాల్లా సన్నబడతాయి. రెండు వేర్వేరు పైర్లూ ఒకే వారంలో మెలితిరిగాయంటే 2,4-డి అనే కలుపుమందని అనుమానించాలి. టమాటా, బెండ, పత్తి, ద్రాక్ష దానికి ఏమాత్రం తట్టుకోలేవు. తక్కువగా తగిలిన మొక్కలు నీరు, పోషణ సరిగా అందితే కొత్త చిగుళ్లతో కోలుకుంటాయి. మొవ్వు ఎండినవాటిని పీకి కొత్త నారు వేసుకోండి. మీకూ చెరకు ఉండి, అందులో ఆ మందు వాడి, అదే స్ప్రేయరుతో టమాటాకు పురుగుమందు కొట్టి ఉంటే కారణం అదీ కావచ్చు. కలుపుమందుకు వేరే స్ప్రేయరు ఉంచుకోవడం తప్పనిసరి. చెరకులోనో మొక్కజొన్నలోనో అట్రజిన్ అనే కలుపుమందు వాడిన నేలలో వెంటనే కూరగాయలు వేసినా మొలకలు పసుపుబారి చనిపోతాయి.

గ్లైఫోసేట్ విషయానికి వస్తే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే (చీడల నివారణ పని చేసేవారికే) పరిమితం చేసింది. ఆ ఆదేశం ప్రకారం రైతు స్వయంగా చల్లడానికి వీలులేదు. అది పచ్చగా ఏది కనిపిస్తే దాన్ని చంపుతుంది కనుక నిలిచి ఉన్న కూరగాయల పైరులో ఎటూ పనికిరాదు. బెండ విత్తిన 24 నుంచి 48 గంటల్లోపు తడి నేలపై చల్లే పెండిమిథాలిన్ అనే కలుపుమందు గింజ కలుపును మాత్రం ఆపుతుంది. తేలిక నేలల్లో మోతాదు మించితే మొలకకే దెబ్బ తగులుతుంది కనుక మీ నేలకు, మీ పైరుకు ఎంత వాడాలో దగ్గరి రైతు సేవా కేంద్రంలో అడిగి, డబ్బా మీది సూచనలతో సరిచూసుకుని, ముందు రెండు సాళ్లలో చల్లి చూడండి.