బడి ఖర్చు లెక్కతీయబోతున్న చిన్నోడికి

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రతిపాదన రెండుసార్లు చదివాను. కర్ణాటకలో జిల్లాలవారీగా బడులమీద ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతోంది, ఆ ఖర్చుకు తగ్గ చదువు పిల్లలకు అందుతోందా, ఏ జిల్లా సమర్థంగా ఉంది, ఏది లేదు అని తేల్చాలనుకుంటున్నావు. బెంగుళూరులో ఉండి నేను ముప్పై ఏళ్లు చేసిన పనే ఇది. అందుకే చదువుతుంటే సంతోషం వేసింది. రెండు మూడు చోట్ల భయం కూడా వేసింది. ఫోన్లో చెబితే సగం నిలవదని కాగితమ్మీద పెడుతున్నాను.

జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని కొఠారి కమిషన్ 1966లో చెప్పిన మాటతో మొదటి పేజీ మొదలుపెట్టావు. తీసెయ్. 2020 జాతీయ విద్యా విధానం దాకా అందరూ ఆ 6 శాతాన్నే తల్చుకున్నారు. అది ఎంత పెట్టాలన్న మాట. పెట్టింది ఏమయిందన్నది నీ ప్రశ్న.

ఆ "పెట్టింది" అన్న దగ్గరే నీకు మొదటి ఆరు నెలల పని ఉంది. నీ పట్టికలో "విద్యా వ్యయం" అని ఒకటే వరుస ఉంది. అది ఒక వరుస కాదు నాన్నా. బడ్జెట్‌లో సాధారణ విద్య 2202 పద్దు కింద ఉంటుంది. అందులో 01 ప్రాథమికం, 02 మాధ్యమికం. బడి గదులు కట్టిన డబ్బు అక్కడ దొరకదు, 4202 మూలధన పద్దులో వెతకాలి. దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల పిల్లల హాస్టళ్లకూ గురుకులాలకూ పెట్టేదాంట్లో చాలా భాగం 2225లో పడుతుంది. రిటైరైన టీచర్ల పెన్షన్లు 2071లో ఉంటాయి. సర్కారు సాయంతో నడిచే ప్రైవేటు బడులకు, అంటే ఎయిడెడ్ బడులకు, ఇచ్చే గ్రాంటేమో 2202లోనే కలిసిపోయి ఉంటుంది. ఆ మొత్తాన్ని సర్కారు బడి పిల్లల సంఖ్యతో భాగించావంటే, తలకు పెట్టే ఖర్చు ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఇలాంటి భాగహారం చేసి సర్కారు బడి దండగ అని తేల్చేసిన వ్యాసాలు నేను చాలా చదివాను. ఆ పాపం నువ్వు మూటగట్టుకోకు.

బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు అని మూడు అంకెలు కనిపిస్తాయి. వాస్తవ ఖర్చు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఆగు, అదే తీసుకో. అంచనాలతో థీసిస్ రాయడమంటే శుభలేఖ చూసి ఎన్ని విస్తళ్లు లేచాయో చెప్పడమే. కర్ణాటకలో బడి డబ్బు చాలావరకు జిల్లా, తాలూకా పంచాయతీల మీదుగా పోతుంది. జిల్లాలవారీ వివరం లింక్ డాక్యుమెంట్ అనే బడ్జెట్ సంపుటంలో ఉంటుంది. పాత సంపుటాల కోసం వి.కె.ఆర్.వి. రావు గారు 1972లో నాగరభావిలో పెట్టిన సామాజిక, ఆర్థిక పరిశోధన సంస్థ, మనం ఐసెక్ అంటామే, అక్కడి లైబ్రరీలో అడిగి చూడు. వారం రోజులు అక్కడే కూర్చోవాలని అనుకునే వెళ్లు.

వేతన సవరణ వచ్చిన ఏడాది ఖర్చు గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ ఏడాది బడికి అదనంగా ఒక్క సుద్దముక్క కూడా వచ్చి ఉండదు. కాబట్టి జీతాలనూ తక్కిన ఖర్చునూ విడదీసి చూపించు. ఇండోనేషియాలో సర్టిఫికెట్ పొందిన టీచర్ల మూల వేతనం రెట్టింపు చేశారు. దానిమీద 2018లో అచ్చయిన అధ్యయనం ఉంది. టీచర్లకు ఆర్థిక ఇబ్బందులు తగ్గాయి, పిల్లల మార్కులు మాత్రం కదల్లేదు. అది తప్పక చదువు. అయితే దాన్ని పట్టుకుని జీతాలు దండగ అని మాత్రం రాయకు. ఉన్న టీచర్లకు జీతం పెంచితే ఏమవుతుందో అది చెబుతుంది. మంచి జీతం చూసి ముందు ముందు ఎలాంటివాళ్లు ఈ వృత్తిలోకి వస్తారన్నది వేరే ప్రశ్న.

ఇక అసలు సంగతి. ఇది ఇంతవరకు మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2003లో ఆంధ్ర సరిహద్దు తాలూకా ఒకదానిలో ప్రాథమిక బడులకు ర్యాంకులు కట్టాను. ఖర్చు వైపు టీచర్ల జీతాలు, గదులు. ఫలితం వైపు మూడో తరగతి పిల్లలకు మేమే పెట్టిన చదవడం, రాయడం పరీక్ష. ఒక బడి అట్టడుగున పడింది. దాని పక్కన "అసమర్థం" అని రాసి నివేదిక పంపేశాను. కొన్ని నెలల తర్వాత వేరే పనిమీద అటు పోతూ ఆ ఊళ్లో దిగాను.

తరగతులన్నీ ఒకటే గదిలో. ఒక గోడకు నల్లబల్ల, తలుపు వెనక బియ్యం బస్తాలు. మాస్టారు ఒక్కరే ఉన్నారు. హాజరు పట్టీలో మాత్రం ఇద్దరు టీచర్ల పేర్లున్నాయి. రెండో ఆవిడ ఏరీ అంటే, ఏడాదిన్నరగా ఒక ఆఫీసులో డెప్యుటేషన్ అన్నారు. జీతం ఈ బడి పేరుమీద, పని అక్కడ. నేను ఖర్చు వైపు వేసిన రెండు జీతాల్లో పిల్లల ముందు నిలబడింది ఒకటే.

ముందు వరుసలో ఒక పిల్ల పలక పట్టుకుని కూర్చుంది. పాము బొమ్మ చూపించి పేరు రాయమన్నాను. కన్నడ అక్షరాల్లో గుండ్రంగా, ఒక్క కొమ్ము కూడా తప్పకుండా, "పాము" అని రాసి చూపించింది. మా పరీక్షలో దానికి జవాబు "హావు". బాగేపల్లి, పావగడ, ముళబాగిలు వైపు ఊళ్ల సంగతి నీకు తెలియంది కాదు కదా, చాలా ఇళ్లలో మాట తెలుగే. "మేడం, ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. ఒకటో తరగతిలో సగం ఏడాది మాట నేర్పడానికే పోతుంది. తరవాతే అక్షరం" అన్నారు మాస్టారు. బెంగుళూరు తిరిగొచ్చి ఆ బడి జవాబు కాగితాలు కట్ట విప్పి చూశాను. సున్నా వేసిన చోట సగానికి పైగా ఇలాంటివే. లిపి వచ్చింది, రాయడం వచ్చింది, మాట మాత్రం ఇంటి మాట. ఖర్చు వైపూ ఫలితం వైపూ తప్పింది నా లెక్కే.

మరుసటేడు ఆ బడిని మూడు కిలోమీటర్ల అవతలి ఊరి బడిలో కలిపేశారు. నా నివేదిక వల్లే కలిపారని అనలేను, కానీ ఆ ఫైల్లో అది ఉంది. తప్పు సరిదిద్దుతూ నేను పంపిన ఉత్తరానికి జవాబు రాలేదు. ఆ పలక పిల్ల రోజూ మూడు కిలోమీటర్లు నడిచి చదువుకుందో లేదోనన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నువ్వు వాడబోయేదీ అదే పద్ధతి, డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్. దాన్ని తీసెయ్యమనడం లేదు. 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ దాన్ని తెచ్చిందే బడుల కోసం. అమెరికాలో పేద పిల్లలకు నడిపిన ఫాలో త్రూ అనే కార్యక్రమాన్ని అంచనా కట్టడానికి పుట్టింది. కానీ అది ఏం చేస్తుందో మనసులో పెట్టుకో. సేరు పిండికి ఎవరు ఎక్కువ దోసెలు పోశారో వాళ్లను పైన నిలబెట్టి తక్కినవాళ్లను వాళ్లతో పోలుస్తుంది. పెనం ఎలాంటిదో, పొయ్యి మండుతోందో లేదో నువ్వు చెబితే తప్ప దానికి పట్టదు. అంకెల్లో పొరపాటున ఒక జిల్లా ఫలితం ఎక్కువ పడిందంటే, ఆ తప్పే అందరికీ కొలబద్ద అయిపోతుంది. నీ దగ్గరున్నది ముప్పై చిల్లర జిల్లాలు. ఖర్చుల వరుసలూ ఫలితాల వరుసలూ పెంచుకుంటూ పోతే సగం జిల్లాలకు నూటికి నూరు వస్తుంది, చెప్పడానికేమీ మిగలదు. రెండు ఖర్చులు, రెండు ఫలితాలు చాలు. 1977 నుంచి ఉన్న స్టోకాస్టిక్ ఫ్రాంటియర్‌తో కూడా ఒకసారి కట్టి చూడు, అది గాలివాటంగా వచ్చిన తేడాను అసమర్థత నుంచి విడదీసి చూసే పద్ధతి. రెండింట్లోనూ ఒకేలా కిందికి వచ్చిన జిల్లాలకు ముందు బస్సెక్కు, తర్వాత పేరు పెట్టు.

ఫలితానికి ఎస్సెస్సెల్సీ, అంటే పదో తరగతి, ఉత్తీర్ణత శాతం తీసుకున్నావు. చేతికందేది అదే, ఒప్పుకుంటాను. కానీ 2021లో కోవిడ్ వల్ల పరీక్ష తీరే మార్చి దాదాపు అందరినీ పాస్ చేశారు. 2023లో 83.89 శాతం ఉన్నది, పరీక్ష హాళ్లలో వెబ్‌కాస్టింగ్ పెట్టిన 2024లో 73.40కి దిగింది, అదీ గ్రేస్ మార్కులు పెంచాక. ఏడాదిలో బడులు అంతగా చెడిపోవు కదా? మారింది పరీక్ష. ఏడాదికీ ఏడాదికీ మధ్య పోలిక వద్దు, ఒకే ఏడాదిలో జిల్లాల మధ్య పోల్చు. అసర్ సర్వే వాడతానన్నావు. అది 2005 నుంచి ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని చదివించి చూస్తుంది, నాకు దానిమీద గౌరవం. అయితే ఆ ఇళ్లలో ప్రైవేటు బడి పిల్లలు కూడా ఉంటారు. వాళ్ల చదువును సర్కారు ఖర్చు ఖాతాలో రాయకు.

ఎక్కువ ఖర్చు పెట్టిన జిల్లాలో తక్కువ ఫలితం వస్తే కంగారుపడకు. కర్ణాటకలో ప్రాంతాల మధ్య తేడాలను పరిశీలించిన నంజుండప్ప కమిటీ 2002లో 175 తాలూకాల్లో 114 వెనుకబడ్డాయని తేల్చింది. ఆ తర్వాత అటువైపు ప్రత్యేక నిధులు వెళ్లాయి. వెనుకబడ్డాయి కాబట్టే డబ్బు వెళ్లింది. దాన్ని తిరగేసి, డబ్బు వెళ్లినా వెనుకబడే ఉన్నాయి కాబట్టి డబ్బు పనిచేయదు అంటే, జ్వరమొచ్చిన ఇంట్లో మందు సీసాలు ఎక్కువున్నాయని మందునే అనుమానించినట్టు. అమెరికాలోనూ ఈ వాదన చాలాకాలం నడిచింది. ఖర్చుకూ చదువుకూ గట్టి సంబంధం కనిపించడం లేదని 1986లో హనుషెక్ అనే ఆర్థికవేత్త రాశారు. 2016లో జాక్సన్, జాన్సన్, పెర్సికో కోర్టు తీర్పుల వల్ల నిధులు మారిన జిల్లాలను పట్టుకుని చూశారు. పన్నెండేళ్ల చదువంతా తలకు 10 శాతం ఎక్కువ ఖర్చు అందిన పిల్లలు పెద్దయ్యాక సుమారు 7 శాతం ఎక్కువ సంపాదించారని తేలింది. రెండూ చదువు, ఒకదానిమీదే వాలిపోకు.

మన వైపు పనిని మరిచిపోయావు, అది నాకు నచ్చలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఏళ్లతరబడి చేసిన ప్రయోగాలున్నాయి. వాటిలో ఒకటి నీకు నేరుగా పనికొస్తుంది, 2013లో అచ్చయింది. లాటరీ తీసి కొన్ని బడులకు పిల్లల సామగ్రికని గ్రాంటు ఇచ్చారు. అనుకోకుండా వచ్చిన మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది వస్తుందని ముందే తెలుసు కాబట్టి, తల్లిదండ్రులు పుస్తకాలకూ పలకలకూ తాము పెట్టేది తగ్గించుకున్నారు. మార్కులు పెరగలేదు. చూశావా, సర్కారు రూపాయి వృథా కాలేదు, కూలికెళ్లే ఒక తల్లి చేతిలో మిగిలింది. నీ పట్టికలో అది "ఫలితం సున్నా" అని పడుతుంది. కాబట్టి బడి ఖర్చుతోబాటు ఇంటి ఖర్చు కూడా నాలుగు ఊళ్లలోనైనా అడుగు.

ఊళ్లకు చెప్పకుండా వెళ్లు. 2003లో అలా వెళ్లి చూసిన దేశవ్యాప్త సర్వేలో సర్కారు ప్రాథమిక బడి టీచర్లలో 25 శాతం మంది ఆ రోజు బడిలో లేరు. లేనివాళ్ల పేరు పక్కన కారణం విడిగా రాయి: సెలవా, శిక్షణా, ఎన్నికల పనా, డెప్యుటేషనా, ఏ కారణమూ లేదా. మాస్టారు పాఠం చెబుతుంటే మధ్యలో పలకరించకు, విరామం దాకా బయట అరుగుమీద కూర్చో. జీతాల బిల్లూ హాజరు పట్టీ పక్కపక్కన పెట్టి చూడు. పిల్లలచేత ఏదైనా రాయించేటప్పుడు ఇంట్లో ఏం మాట్లాడతారో ముందు అడుగు. అడగడానికి నీకు తెలుగూ కన్నడం రెండూ వచ్చు, ఆ అదృష్టం చాలామంది పరిశోధకులకు లేదు.

వచ్చే ఆదివారం గిరినగర్‌కు రా. 2202 కింద నువ్వు తీసిన పదేళ్ల అంకెలు ప్రింటు తెచ్చుకో, ల్యాప్‌టాప్ వద్దు, పెన్సిల్‌తో కూర్చుందాం. ఆ జవాబు కాగితాల కట్ట ఇంకా నా బీరువాలోనే ఉంది, అదీ చూద్దువుగాని.

ఇట్లు,
మీ పెద్దమ్మ