1-0 మ్యాచ్‌లో చూడటానికి ఏముంటుంది? 1908 నాటి ఒక మ్యాచ్ చెబుతాను

"గంటల తరబడి కూర్చుంటే మొత్తం ఒక్క పరుగు. క్రికెట్ చూసి పెరిగినవాళ్లకు బేస్‌బాల్ ఎలా నచ్చుతుంది?" అని నన్ను ఒకరు అడిగారు.

నేను క్లీవ్‌ల్యాండ్‌లో ఉంటాను. కొత్తలో నాకూ స్కోరు కదలకపోతే విసుగొచ్చేది. ఒకసారి స్టేడియంలో పక్క సీటు పెద్దాయన స్కోర్‌కార్డు నింపడం నేర్పారు. ఎవరు ఎలా అవుటయ్యారో ఒక్కో గడిలో రాసుకుంటుంటే ఆట అర్థం కావడం మొదలైంది. ఆయనే 1908 అక్టోబర్ 2 నాటి మ్యాచ్ గురించి చెప్పారు. ఇంటికెళ్లి దాని వివరాలు వెతికి, ఖాళీ కార్డు మీద మొదటి నుంచి రాసుకుంటూ వెళ్లాను. నా అభిప్రాయం మారింది అక్కడే.

ఈ ఊళ్లోని లీగ్ పార్క్‌లో క్లీవ్‌ల్యాండ్ నాప్స్, షికాగో వైట్ సాక్స్ తలపడ్డాయి. సీజన్ ఆఖరి వారం. డెట్రాయిట్‌తో కలిపి మూడు జట్లూ టైటిల్ రేసులో ఉన్నాయి, ఒక్క ఓటమితో లెక్క తారుమారవుతుంది. షికాగో పిచర్, అంటే బంతి వేసేవాడు, ఎడ్ వాల్ష్. ఆ ఏడాది 40 మ్యాచ్‌లు గెలిచిన మనిషి, మూడు రోజుల ముందే ఒకే రోజు రెండు మ్యాచ్‌లు వేసి రెండూ గెలిపించాడు. బంతికి ఉమ్ము రాసి వేసే స్పిట్‌బాల్ అతని ఆయుధం, అప్పట్లో అది నిబంధనలకు లోబడిందే. క్లీవ్‌ల్యాండ్ తరఫున పిచర్ ఆడీ జాస్.

వాల్ష్ 15 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు, నాలుగే హిట్లు, అంటే బ్యాటర్ బేస్ చేరే షాట్లు, ఇచ్చాడు. అయినా ఓడిపోయాడు. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి, బేస్‌లన్నీ చుట్టి హోమ్‌కు వస్తేనే పరుగు. మూడో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌ల్యాండ్ ఆటగాడు జో బర్మింగ్‌హామ్ సింగిల్ కొట్టి ఫస్ట్ బేస్ చేరాడు. బేస్ వదిలి ముందుకు రాగానే అవుట్ చేద్దామని బంతి అక్కడికి విసిరారు. అతను వెనక్కి రాకుండా సెకండ్ వైపు పరుగెత్తాడు. అటు విసిరిన బంతి అతనికే తగిలి పక్కకు పోవడంతో ఏకంగా థర్డ్ బేస్ చేరాడు. ఆ తర్వాత వాల్ష్ వేసిన ఒక బంతి బ్యాటర్ వెనుక ఉండే క్యాచర్‌ను దాటి వెళ్లింది, బర్మింగ్‌హామ్ హోమ్‌కు వచ్చాడు, పరుగు వచ్చేసింది. మన క్రికెట్‌లో బైస్‌తో మ్యాచ్ పోయినట్టు. నాకు ఇప్పటికీ వాల్ష్ గురించే బాధేస్తుంది.

ఇక జాస్ వైపు చూడండి. ఇన్నింగ్స్‌కు ముగ్గురు అవుట్ చొప్పున, 27 సార్లు బ్యాటర్లు వచ్చారు, 27 సార్లూ అవుట్. ఒక్కరు కూడా ఫస్ట్ బేస్ చేరలేదు. దీన్నే పర్ఫెక్ట్ గేమ్ అంటారు. అతను వేసింది 74 బంతులేనని చెబుతారు. చివరి బ్యాటర్ జాన్ ఆండర్సన్ కొట్టిన బంతి నేల మీదుగా థర్డ్ బేస్ దగ్గరి బిల్ బ్రాడ్లీకి వెళ్లింది. అతని త్రో కాస్త కిందికి వచ్చింది. ఫస్ట్ బేస్ దగ్గరి జార్జ్ స్టోవల్ దాన్ని నేల దగ్గరే అందుకున్నాడు. జారి ఉంటే పర్ఫెక్ట్ గేమ్ పోయేది, షికాగోకు ఇంకో అవకాశం దొరికేది. ఆ టెన్షన్ ఆరు పరుగుల తేడాతో గెలిచే మ్యాచ్‌లో రాదు.

ఇంత చేసినా క్లీవ్‌ల్యాండ్‌కు టైటిల్ దక్కలేదు. డెట్రాయిట్, క్లీవ్‌ల్యాండ్ రెండూ 90 మ్యాచ్‌లు గెలిచాయి, డెట్రాయిట్ 63 ఓడితే క్లీవ్‌ల్యాండ్ 64 ఓడింది. వర్షంతో ఆగిన ఒక మ్యాచ్‌ను డెట్రాయిట్ మళ్లీ ఆడాల్సిన అవసరం లేకపోయింది మరి.

ఈసారి మ్యాచ్‌కు వెళ్తే ఒక స్కోర్‌కార్డు, పెన్సిల్ తీసుకెళ్లండి. స్కోర్‌బోర్డు వైపు కాకుండా బేస్ మీద ఉన్న ఆటగాడి కాళ్ల వైపు, పిచర్ అతన్ని ఎన్నిసార్లు ఓరగా చూస్తున్నాడో చూడండి.