మీరు అడిగారు, మేం చెప్తున్నాం: తీగ మీద వెళ్ళే మాట

ఈసారి వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఫోన్లు, ఇంటర్నెట్ గురించే. నాకు చాలా ఇష్టమైన సబ్జెక్టు ఇది, కాబట్టి కొన్ని జవాబులు కాస్త పొడుగైతే ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: టెలిఫోన్ కనిపెట్టింది గ్రాహం బెల్ అని చిన్నప్పుడు చదువుకున్నాం. మా అబ్బాయేమో కాదు, ఇంకెవరో ఇటలీ ఆయన అంటున్నాడు. ఏది నిజం?

మీ అబ్బాయి ఊరికే అనట్లేదండీ. ఆంటోనియో మెయుచ్చి అని ఇటలీ నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడ్డ ఆయన 1871లోనే తన మాట్లాడే పరికరం గురించి పేటెంట్ ఆఫీసులో ముందస్తు నోటీసు పెట్టుకున్నాడు, దాన్ని డబ్బు కట్టి రెన్యూ చేసుకుంటూ ఉండాలి, 1874 తర్వాత అది రెన్యూ కాలేదు. అంతకు పదేళ్ళ ముందే, 1861లో, జర్మనీలో ఫిలిప్ రైస్ తీగ మీద శబ్దం పంపించి చూపించాడు. ఇక 1876 ఫిబ్రవరి 14న బెల్ అప్లికేషనూ ఎలైషా గ్రే అనే ఇంకొకాయన నోటీసూ ఒకే రోజు ఒకే ఆఫీసుకి చేరాయి, ఎవరి కాగితం ముందు చేరిందన్న గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మార్చి 7న పేటెంట్ బెల్‌కే వచ్చింది. 2002లో అమెరికా ప్రతినిధుల సభ మెయుచ్చి కృషిని గుర్తిస్తూ తీర్మానం చేసింది. నన్నడిగితే పేటెంట్ బెల్‌ది, టెలిఫోన్ మాత్రం నలుగురిదీ. పిల్లల పుస్తకాల్లో ఆ మిగతా ముగ్గురి పేర్లు కూడా ఉండాల్సిందే.

ప్రశ్న: వేరే దేశంలో ఉన్న మా అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడతాను. అది శాటిలైట్ ద్వారానే కదా వచ్చేది?

చాలామంది అలాగే అనుకుంటారు గానీ కాదండీ, ఖండాల మధ్య తిరిగే డేటాలో 95 శాతం పైనే సముద్రం అడుగున పరిచిన కేబుళ్ళలో వెళ్తుంది. మీ అమ్మాయి మొహం కూడా చాలావరకు అలాగే, నీళ్ళ కింద నుంచి, వెలుగు రూపంలో వస్తోంది.

ఈ కథని 1858 నుంచి చెప్తాను. ఐర్లాండ్ నుంచి ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్లాండ్ దాకా అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ కోసం ఒక రాగి తీగ వేశారు, దానిచుట్టూ గట్టాపర్చా అని ఒక చెట్టు పాలతో చేసిన తొడుగు. ఆగస్టులో విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కి 98 మాటల సందేశం పంపితే అది చేరడానికి 16 గంటలు పట్టింది. ఎందుకంటే లోపల రాగి, బయట ఉప్పునీళ్ళు, మధ్యలో తొడుగు, ఈ మూడూ కలిసి కరెంటుని పట్టి ఉంచుకుని మెల్లగా వదులుతాయి, దాంతో ఇటు టక్కుమని కొట్టిన చుక్క (టెలిగ్రాఫ్‌లో అక్షరాలని చుక్కలు, గీతలుగా పంపేవాళ్ళు) అటు తడి కాగితం మీద సిరా పాకినట్టు సాగిపోయి పక్క చుక్కలో కలిసిపోతుంది. అది అర్థం చేసుకోకుండా వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అనే ఎలక్ట్రీషియన్ జోరు పెంచితే సరిపోతుందనుకుని దాదాపు 2000 వోల్టులు పెట్టాడు. అసలే బలహీనంగా ఉన్న తీగ, సుమారు మూడు వారాలకే చచ్చిపోయింది.

విలియం థామ్సన్ అని ఒక ప్రొఫెసర్ మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాడు, గట్టిగా పంపడం కాదు, సన్నటి సిగ్నల్‌ని అటువైపు పట్టుకోవడం నేర్చుకోవాలి అని. చిన్న అద్దం ముక్కకి అయస్కాంతం అంటించి దాని మీద దీపం వెలుగు పడేలా పెట్టాడు, తీగలో ఏ కాస్త కరెంటు వచ్చినా అద్దం కదులుతుంది, ఎదురుగా స్కేలు మీద వెలుగు చుక్క కుడికో ఎడమకో జరుగుతుంది, మనిషి కూర్చుని అది చూసి అక్షరాలు రాసుకోవాలి. ఒక్కసారి ఊహించుకోండి, సముద్రం అవతలి మనిషి మాట గోడ మీద కదిలే వెలుగు చుక్కగా కనపడటం! 1866లో మందమైన కొత్త తీగ వేశాక నిమిషానికి 8 మాటల దాకా వెళ్ళాయి.

ఇప్పుడు రాగి బదులు గాజు పోగు, కరెంటు బదులు వెలుగు. 1966లో చార్లెస్ కావ్ ఇంకొకాయనతో కలిసి రాసిన పేపర్లో, వెలుగు దారిలోనే తగ్గిపోవడానికి కారణం గాజు కాదు, గాజులోని మలినాలు అని చెప్పాడు. కిలోమీటరు పోయాక నూటికి ఒక వంతు వెలుగు మిగిలినా చాలు ఫోన్లకి పనికొస్తుందన్నాడు, అప్పటి గాజులో అంత దూరం పోతే ఆ ఒక్క వంతు కాదు కదా అసలేమీ మిగిలేది కాదు. 1970లో అమెరికాలో గాజు చేసే కార్నింగ్ కంపెనీవాళ్ళు అది సాధించి చూపించారు. ఇప్పటి గాజులో ఆ ఒక వంతు 100 కిలోమీటర్లు పోయాక కూడా మిగులుతోంది! కావ్‌కి నోబెల్ వచ్చింది మాత్రం 2009లో.

శాటిలైట్ సంగతికొస్తే, భూమితో పాటు తిరిగేవి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, మాట పైకెళ్ళి కిందకి రావడానికే సెకనులో పావు వంతు పడుతుంది, జవాబు రావడానికి ఇంకో పావు, అందుకే అప్పట్లో విదేశీ కాల్స్‌లో ఒకరి మాట మీద ఒకరు పడిపోయేవాళ్ళు. ఈ మధ్య తక్కువ ఎత్తులో తిరిగే శాటిలైట్లలో ఆ ఆలస్యం బాగా తగ్గింది, కేబుల్ వెయ్యలేని చోట్లకి అవి నిజంగా వరం.

ప్రశ్న: రేడియో, టీవీ, కెమెరా, టెలిఫోన్ ఒకప్పుడు వేర్వేరు వస్తువులు. అన్నీ ఒక్క ఫోన్లోకి ఎలా దూరాయి?

ఎంత మంచి ప్రశ్నండీ! ట్రాన్సిస్టర్లు (రేడియోలు కాదండీ, చిప్‌లో కరెంటుని ఆపి వదిలే బుల్లి స్విచ్‌లు) చిన్నవైపోవడం ఒక కారణం, 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్‌లో 2,300 ఉంటే ఇప్పటి ఫోన్ చిప్‌లో వందల కోట్లు ఉన్నాయి. కానీ అసలు కిటుకు అంతకంటే ముందుది. 1948లో బెల్ ల్యాబ్స్ అనే అమెరికా టెలిఫోన్ పరిశోధన సంస్థలో క్లాడ్ షానన్ ఒక పెద్ద వ్యాసం రాసి పాట అయినా బొమ్మ అయినా ఉత్తరం అయినా అన్నిటినీ ఒకటే కొలతతో, బిట్లతో (బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ), కొలవొచ్చని చూపించాడు. టెలిఫోన్లో మీ గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలిచి ఒక్కో కొలతని 8 బిట్లుగా రాస్తారు, అంటే సెకనుకి 64,000 బిట్లు. ఫొటోలో ఒక్కో చుక్క రంగూ అంతే, అంకెలే. అన్నీ అంకెలైపోయాక వాటిని మోసే తీగకి అది పాటో ఫొటోనో తెలియాల్సిన అవసరమే లేదు. పైగా దారిలో కొంత చెడిపోయినా సరిచేసుకునేలా పంపొచ్చు, అదీ షానన్ లెక్కే. నాకైతే ఈ వందేళ్ళలో ఇంతకంటే పెద్ద ఆలోచన కనపడదు, ఆయన పేరు బయట ఎక్కువమందికి తెలియకపోవడం బాధనిపిస్తుంది.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో వెళ్ళిన మొదటి మెసేజ్ ఏంటి?

1969 అక్టోబర్ 29 రాత్రి, అప్పటికి దాని పేరు అర్పానెట్. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి 'లాగిన్' అని పంపాలనుకున్నారు. ఎల్ వెళ్ళింది, ఓ వెళ్ళింది, మూడో అక్షరానికి అవతల సిస్టమ్ పడిపోయింది. ఒక్కో అక్షరం చేరిందో లేదో మామూలు టెలిఫోన్‌లో అడిగి తెలుసుకున్నారు. సుమారు గంట తర్వాత మొత్తం పనిచేసింది.

ప్రశ్న: ఇంగ్లీషు ఎస్ఎమ్ఎస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70కే ఇంకో మెసేజ్ అయిపోతుంది. మనకెందుకీ అన్యాయం?

అన్యాయం అనిపించడం సహజమే, కానీ లెక్క చూడండి. ఎస్ఎమ్ఎస్‌కి వేరే దారి వెయ్యలేదు, నెట్‌వర్క్ తన పని కోసం వాడుకునే సిగ్నలింగ్ దారిలోనే కాస్త చోటు ఇచ్చారు, అది 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 పడతాయి. తెలుగు మామూలుగా యూనికోడ్‌లో, అంటే ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చిన పద్ధతిలో వెళ్తుంది, ఒక్కోదానికి 16 బిట్లు, అందుకే 70. ఆ 70 కూడా మనం అక్షరం అనుకునేవి కావు, గుణింతం గుర్తు వేరే, పొల్లు వేరే లెక్క. 'రాష్ట్రం' కంటికి రెండు అక్షరాలే, ఫోన్‌కి మాత్రం ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న, మొత్తం ఎనిమిది.