మెదడు ఎలక్ట్రోడ్ల పరిశోధన కెమిస్ట్రీ వాళ్లకు కుదురుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. మెదడులో అమర్చే కార్బన్ ఎలక్ట్రోడ్ల మీద పరిశోధన చేస్తానంటోంది. అది ఇంజినీర్ల పని కదా? బంధువులేమో కంప్యూటర్ కోర్సులో చేర్పించమంటున్నారు. ఏం చేయాలి?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఇంజినీర్ల పనేనన్న మాట సగమే నిజమండీ. బతికున్న జంతువు మెదడులో కార్బన్ ఎలక్ట్రోడ్ పెట్టి కొలతలు తీయడం 1970ల్లో మొదలుపెట్టిన రాల్ఫ్ ఆడమ్స్, అమెరికాలోని కాన్సాస్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసరే.

ఇప్పుడు వాడే కార్బన్ ఫైబర్ మందం దాదాపు 7 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో పదో వంతు. అంత సన్నం కాబట్టి చుట్టూ ఉన్న కణజాలానికి దెబ్బ తక్కువ. న్యూరాన్ల విద్యుత్ సంకేతాలను అది పట్టుకుంటుంది. వోల్టేజీని వేగంగా పెంచి తగ్గిస్తే, న్యూరాన్ల మధ్య సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనం దాని మీద ఆక్సీకరణం చెందుతుంది, అంటే ఎలక్ట్రాన్లను వదులుతుంది. అప్పుడు పుట్టే కరెంటును బట్టి డోపమైన్ ఎంతుందో లెక్క కడతారు. చిక్కేమిటంటే మెదడులో విటమిన్ సి కూడా దండిగా ఉంటుంది, అదీ దాదాపు అదే వోల్టేజీ దగ్గర ఆక్సీకరణం చెందుతుంది. రెంటినీ విడదీయడానికి, విటమిన్ సిని అడ్డుకునే నాఫియాన్ అనే పాలిమర్ పూతను ఎలక్ట్రోడ్‌కు వేస్తారు. ఇదంతా అచ్చమైన ఎలక్ట్రోకెమిస్ట్రీ, అంటే విద్యుత్తుతో ముడిపడిన రసాయన చర్యల శాస్త్రం. మీ అమ్మాయి సబ్జెక్టే.

కాబట్టి కోర్సు మార్చొద్దు. జామ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీకీ, బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ దారి ఉంది. సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ప్రయత్నించవచ్చు. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు రూ.37,000 ఫెలోషిప్ వస్తుంది. అప్పుడు తమిళనాడులో కారైకుడిలోని సెక్రీ వంటి చోట్ల పీహెచ్‌డీకి చూడొచ్చు. దేశంలో ఎలక్ట్రోకెమిస్ట్రీకే ప్రత్యేకించిన సీఎస్ఐఆర్ సంస్థ అది.

ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోండి. ఎమ్మెస్సీతో ఆగిపోతే ఈ రంగంలో పెద్దగా ఉద్యోగాలు లేవు, పీహెచ్‌డీ తప్పదు. మనుషుల మెదడుపై ఈ కొలతలు ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. పార్కిన్సన్స్ వంటి జబ్బులకు మెదడు సర్జరీలు చేసే సమయంలో కొద్దిమందిలో మాత్రమే చేశారు. అలాగని టెన్షన్ పడనక్కర్లేదు. షుగర్ టెస్ట్ స్ట్రిప్‌లు, బ్యాటరీల కంపెనీలకూ ఎలక్ట్రోకెమిస్ట్రీ తెలిసినవాళ్లు కావాలి.

ఎమ్మెస్సీ సీటు ఎంచుకునేటప్పుడు ర్యాంకింగులకన్నా ముందు ఒకటి కనుక్కోమనండి: అక్కడి ల్యాబ్‌లో పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్‌కు వోల్టేజీ ఇచ్చి కరెంటు కొలిచే పరికరం) ఉందా, విద్యార్థులను దాన్ని ముట్టుకోనిస్తారా? రెండో ప్రశ్న సీనియర్లను అడిగితేనే నిజం తెలుస్తుంది.