పాప దవడపన్ను గురించి మేనత్త లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి, మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

పాపకు కొత్తగా వచ్చిన ముందుపళ్ళు పచ్చగా ఉన్నాయని, బడిలో ఫోటో తీసేలోగా బొగ్గు పేస్టుతో తెల్లబరుస్తానని నీవు అన్నట్టు మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆఫీసు పని మధ్య కూడా పిల్ల నోటిని అంత పరీక్షగా చూస్తున్నందుకు మురిసిపోయాను కాని, బొగ్గు మాట వినగానే గుండె గుభేలుమంది. ఆ పచ్చదనం మురికి కాదు. శాశ్వత దంతాలు పాలపళ్ళకంటే సహజంగానే కొంచెం పచ్చగా ఉంటాయి. పక్కన పాలపళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బొగ్గుతో రుద్దితే అరిగేది పైనున్న పింగాణీ పొర. అది మళ్ళీ పెరగదు సరికదా, పలచబడినకొద్దీ లోపలి పసుపు ఇంకా బయటపడుతుంది.

రెండు పూటలా ఫ్లోరైడ్ పేస్టుతో తోమించు. పాపకు బఠాణీ గింజంత, మూడేళ్ళు నిండని చిన్నవాడికి బియ్యపు గింజంత చాలు. రాత్రి తోమిన తరువాత పాలు కూడా వద్దు.

నా బెంగ అంతా నీవు అడగని పన్ను గురించే. ఆరేళ్ళ ప్రాయంలో, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళ వరుస వెనక మూలకొకటి చొప్పున నాలుగు శాశ్వత దవడపళ్ళు వస్తాయి. మీరు మాంబలంలో ఉన్నప్పుడు, నీకు ఎనిమిదేళ్ళ వయసులో, కింద ఎడమవైపున అలాంటి పన్నే నల్లబడింది. దాని చోటులో అంతకుముందు ఏ పన్నూ ఊడలేదు కనుక అది పాలపన్నేనని, ఎలాగూ రాలిపోతుందని మీ నాన్న నాకే పాఠం చెప్పాడు. వాడు పిల్లలను పట్టించుకోని మనిషి కాడు; నీకు ఒళ్ళు వెచ్చబడితే రాత్రంతా మేలుకునేవాడు. అయినా నొప్పి వచ్చినప్పుడల్లా లవంగనూనె దూది పెట్టడం, తగ్గగానే మరిచిపోవడం, ఇదే వరుస. చివరకు దవడ వాచి నీవు నోరు తెరవలేకపోతే డాక్టరు దగ్గరకు పరుగెత్తారు, ఆయన ఆ పన్ను పీకేశాడు. కొత్తది ఎప్పుడు వస్తుందని మీ నాన్న అడిగితే, ఇక రాదని చెప్పాడట. తరువాత పక్కపన్ను ఆ ఖాళీలోకి వాలింది. నేటికీ నీవు కుడివైపే నములుతావని పెళ్ళిభోజనాలలో చూస్తూనే ఉన్నాను తల్లీ. ఈ సంగతి వాడి దగ్గర మాత్రం ఎత్తకు, ఆ పూట అన్నం ముట్టడు.

అందుచేత ఈ రాత్రే టార్చి వేసి పాప నోరు చివరిదాకా చూడు. పన్ను సగమే పైకి వచ్చి ఉంటే మామూలుగా తోమినప్పుడు బ్రష్ దానిమీదినుంచి జారిపోతుంది. బ్రష్‌ను చెంపవైపునుంచి అడ్డంగా పెట్టి నీ చేతులతోనే తోమాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా అది నీ పనే, పాప పని కాదు. పన్ను పూర్తిగా పైకి వచ్చాక, దాని లోతైన గాడులను మూసే సీలెంట్ అనే పూత వేయించు. సూది ఉండదు, నొప్పి ఉండదు.

బెంగళూరులో వర్తూరు వైపు మీ అపార్ట్‌మెంటుకు ట్యాంకర్ బోరునీళ్ళే దిక్కని విన్నాను. కనిగిరిలో పుట్టిన నాకు బోరునీళ్ళంటే భయం. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళమీద పడే గోధుమరంగు మచ్చలు ఏ పేస్టుకూ పోవని అక్కడ కళ్ళారా చూశాను. చిన్నవాడి శాశ్వత దంతాలు ఇప్పుడే చిగుళ్ళ లోపల తయారవుతున్నాయి కనుక, మచ్చకు బీజం పడేదీ ఈ వయసులోనే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకనిచోట 1.5 మించకూడదు. కాచినంత మాత్రాన అది పోదు. నీళ్ళు పరీక్ష చేయించి, రిపోర్టులో ఆ అంకె ఎంత ఉన్నదో నాకు వ్రాయి.

మీ మేనత్త,
చెన్నై